ట్రాలీ టైరుకు వయసెంత, చెల్లీ?

చెల్లీ, అంగళ్లు సంతలో ఆవును కొన్నావని విని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. దాన్ని మీ పాత ట్రాలీలోనే వాయల్పాడుకు తోలుకొచ్చారని తెలిసి అంతే భయపడ్డాను. ఇంకో రెండు ఆవులు తెచ్చేలోగా ట్రాలీకి టైర్లు మార్చాలనుకుంటున్నామని, ఏవి వేయించాలో చెప్పమని అడిగావు. ఈ మాట నీ నోట రావడం నాకు ఎంతో నచ్చింది. ఇదే సందేహం మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఆవులు పెట్టుకున్న అక్కచెల్లెళ్లు చాలామందికి ఉంటుంది. అందుకే ఫోనులో చెప్పి ఊరుకోకుండా, అందరూ వినేట్టు ఇక్కడే చెబుతున్నాను.

మన వైపు పాడి అంటే ఆడవాళ్ల కష్టమే కదా. తెల్లవారుజామున లేచి పేడ తీసేది మనం, పాలు పితికేది మనం, కేంద్రానికి క్యాను మోసేది కూడా మనమే. తిరుపతిలో 2014లో శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకున్నప్పుడు అందులో సభ్యులంతా ఆడవాళ్లే. పాల డబ్బు ఆడదాని ఖాతాలోనే పడాలన్న ఆలోచన దాని వెనక ఉంది. మరి ఆవు నీ పేరున ఉండి, పాల డబ్బు నీ ఖాతాలో పడుతున్నప్పుడు, ఆ ఆవు నిలబడి ప్రయాణం చేసే బండి టైర్ల సంగతి మాత్రం ‘అది మగవాళ్ల పని’ అని ఎందుకు వదిలేయాలి? టైరు పేలితే కాలు విరిగేది నీ ఆవుకు. చూడి ఆవైతే దూడ కూడా దక్కకపోవచ్చు.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకో. ట్రాక్టరు టైరు అరుగుతుంది. ట్రాలీ టైరు అరగకముందే ముదురుతుంది.

ట్రాక్టరు దున్నుతుంది, లాగుతుంది, రోజూ ఏదో ఒక పని మీద తిరుగుతుంది. దాని బటన్లు మన కళ్లముందే తరిగిపోతాయి కాబట్టి ఎప్పుడు మార్చాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ట్రాలీ అట్లా కాదు. టమోటా కాపు మీద ఉన్నన్నాళ్లు మదనపల్లె మార్కెట్టుకు పరుగులు తీస్తుంది. 2023 జూలైలో కిలో వంద రూపాయలు ఎప్పుడో దాటిపోయి, రైతులు రాత్రీ పగలూ క్రేట్లు దించిన రోజులు నీకు గుర్తుండే ఉంటాయి. అప్పుడు ఏ ఇంటి ట్రాలీకీ విశ్రాంతి లేదు. రెండు నెలలు తిరక్కుండానే ధర కుప్పకూలింది, ట్రాలీలన్నీ మళ్లీ చింతచెట్ల కింద చేరాయి. అట్లా నెలల తరబడి ఒకే చోట, ఒకే వైపు బరువు మోస్తూ, సగం ఎండలో సగం నీడలో నిలబడిపోతాయి. రబ్బరును మెత్తగా ఉంచే నూనెలు మెల్లగా ఆరిపోతాయి. ఎండ, గాలిలోని ఓజోను పక్కగోడను సన్నగా పగలగొడతాయి. బటన్లు మాత్రం కొత్తవాటిలాగే కనిపిస్తుంటాయి. మా మరిది కూడా నీతో ఇదే అని ఉంటాడు: “ఏమ్మే, బటన్లు ఇంకా ఇంతింత ఉండాయి గదా, ఇప్పుడే మార్చేదెందుకు?” బటన్లను చూసి చెప్పే మాట అది. టైరు పక్కకు వంగి చూస్తే ఆ మాట అనడు.

ఎండలో ఏళ్ల తరబడి పడి ఉన్న రబ్బరు చెప్పును వంచితే మడత దగ్గర గీతలు గీతలుగా విచ్చుకుంటుందే, ముదిరిన టైరు పక్కగోడ కూడా అట్లాగే ఉంటుంది. బొటనవేలితో గట్టిగా నొక్కి చూడు. గీతలు పైపైన ఉన్నాయా, గోరు దిగేంత లోతుగా ఉన్నాయా? ఎక్కడైనా ఉబ్బు ఉందా? లోపలి నార బయటపడిందా? గోరు దిగినా, ఉబ్బు ఉన్నా, నార కనిపించినా ఇక ఆలోచించే పని లేదు, ఆ టైరు మీద ఆవును ఎక్కించకూడదు.

అమెరికాలో, ఇంగ్లండులో గుర్రాలను తీసుకెళ్లడానికి కారు వెనక తగిలించే ప్రత్యేకమైన ట్రైలర్లు ఉంటాయి. వాళ్ల బాధ కూడా అచ్చం మనదే. ఎప్పుడో పోటీలకో పశువైద్యుడి దగ్గరికో తీయడం, మిగతా రోజులు కొట్టం పక్కన నిలబెట్టడం. అందుకే అక్కడ జాగ్రత్త తెలిసినవాళ్లు ట్రైలర్ టైర్లను అరుగుదల చూసి కాదు, వయసు చూసి మారుస్తారు. అయిదారేళ్లు దాటితే బటన్లు ఎంత ఉన్నా తీసేస్తారు. ట్రైలర్ల కోసమే గట్టి పక్కగోడలతో చేసిన టైర్లు అమెరికాలో వేరుగా దొరుకుతాయి, వాటి సైజు ముందు ‘ఎస్‌టీ’ అనే అక్షరాలుంటాయి. కారు టైరు సైజు కుదిరినా ట్రైలరుకు వేయరు. ఎందుకంటే లోపలున్నది కదలని మూట కాదు, ప్రాణమున్న జంతువు. మలుపు వచ్చినప్పుడల్లా అది తన బరువును ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటుంది. ఆ ఊపు అంతా చివరికి టైరు పక్కగోడ మీదే పడుతుంది.

మరి వయసు ఎట్లా తెలిసేది? చాలా టైర్ల పక్కగోడ మీద ‘డాట్’ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలుంటాయి, వాటిని వెతుకు. వాటి తర్వాత వచ్చే వరుస చివర, కోడిగుడ్డు ఆకారం గీతలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో ఇరవైమూడో వారం, అంటే జూన్ నెలలో తయారైందన్నమాట. చాలా టైర్లకు ఈ అంకెలు ఒక పక్కనే ఉంటాయి. బయటివైపు కనబడకపోతే వంగి లోపలివైపు చూడాలి, సెల్లు లైటు వేసుకుంటే చాలు. ఈ నాలుగు అంకెలు చదవడం వస్తే అంగట్లో నిన్ను మభ్యపెట్టడం ఎవరి తరమూ కాదు. కొత్త టైరు అని చూపించేది నిజంగా వాడనిదే కావచ్చు, కానీ గోడౌనులో మూడేళ్లుగా పడి ఉన్నదీ కావచ్చు. ట్రాలీ టైరు ఎట్లాగూ వయసుతోనే చెడేది కాబట్టి, ఆ మూడేళ్లూ నువ్వు డబ్బిచ్చి పోగొట్టుకున్నట్టే. “ఏడాదిలోపు తయారైనది చూపించన్నా” అని అడుగు. లేదంటే ఇంకో అంగడికి పో. మదనపల్లెలో టైర్ల అంగళ్లకు కొదవ లేదు.

అదే పక్కగోడ మీద ఐఎస్ఐ గుర్తు కూడా చూడాలి. మన దేశంలో బండ్ల టైర్లకు అది తప్పనిసరి. అది లేనిది ఎంత చవకైనా వద్దు.

ఇక బరువు సంగతి. ఇక్కడ కాస్త నిదానంగా చదువు, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మన వైపు ఇళ్లల్లో ఉండే సంకర జాతి ఆవు, హోల్‌స్టీన్ ఫ్రీజియన్ (హెచ్ఎఫ్) రక్తం ఎక్కువున్నదైతే, నాలుగు వందల కిలోలు అలవోకగా దాటుతుంది. అదే మన పుంగనూరు పొట్టి ఆవు నూటపదిహేను నుంచి రెండు వందల కిలోల లోపే. ఎత్తు మూడడుగుల దగ్గరే ఉంటుంది, పాలలో వెన్న మాత్రం ఎనిమిది శాతం దాకా ఉంటుందని పేరు. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో ఆ జాతిని కాపాడుకొస్తున్నారు. అంటే ‘రెండు ఆవులు’ అనే మాటకు బరువులో అర్థం లేదు. రెండు పుంగనూరు ఆవులంటే ఎక్కువలో ఎక్కువ నాలుగు వందల కిలోలు, రెండు హెచ్ఎఫ్ ఆవులంటే తొమ్మిది వందల దగ్గర. నీ ఆవు ఏ జాతిదో, ఎంత ఒడ్డు పొడవు ఉందో చూసి లెక్క వేసుకో. దానికి ట్రాలీ సొంత బరువు కలుపు, గడ్డి మోపు కలుపు, పక్కన నిలబడే మనిషినీ కలుపు.

ఆ లెక్క చేతిలో పెట్టుకొని టైరు మీద సైజు పక్కనున్న అంకె చూడు. దాన్ని లోడ్ ఇండెక్స్ అంటారు. 86 అంటే ఒక టైరు 530 కిలోలు మోస్తుంది. 100 అంటే 800 కిలోలు, 121 అంటే 1450 కిలోలు. అంకెకూ కిలోలకూ పట్టిక ఉంటుంది, అంగడివాళ్ల దగ్గర దొరుకుతుంది. సిగ్గుపడకుండా చూపించమను. ట్రాలీ టైర్ల మీద అంకెకు బదులు ‘పీఆర్’ అని కూడా ఉంటుంది, 14 పీఆర్, 16 పీఆర్ అని. ఒకప్పుడు లోపల ఎన్ని పొరలున్నాయో చెప్పే లెక్క అది. ఇప్పుడు పొరలు అన్ని లేకపోయినా, అంత బలం ఉందని చెప్పే గుర్తు. పాత టైరు మీద ఎంత ఉందో, కొత్తదాని మీద అంతకు ఒక్క మెట్టు కూడా తగ్గకూడదు. ఏ అంకె అయినా ఒక వేగానికి, ఒక గాలి కొలతకు కట్టుబడి ఉంటుంది. ట్రాక్టరు వెనక నిదానంగా పోవడానికి చేసిన ట్రాలీ టైరును పికప్పు వెనక కట్టి హైవే మీద పరుగెత్తిస్తే అది చెప్పిన బరువు మోయదు.

కుప్పంలో మీ ఆడబిడ్డకు ఒక ఆవును పంపాలనుకుంటున్నావని కూడా అన్నావు. దానికి ట్రాలీ వద్దే వద్దు చెల్లీ. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు దాటి అంత దూరం ట్రాక్టరు వెనక నిలబడి పోవడమంటే ఆవుకు నరకం. పికప్పు బండి మాట్లాడుకో. ఆవును ఎక్కించేముందే దాని టైర్లు కూడా ఇట్లాగే వంగి చూడు, బండివాడు ఏమనుకున్నా సరే. అద్దె తక్కువని టాటా ఏస్ లాంటి చిన్న బండిలో రెండు పెద్ద ఆవులను కుక్కనివ్వకు. దానికి వచ్చే 145 ఆర్ 12 టైర్లు, ఆ బండి సుమారుగా మోయగల ముప్పాతిక టన్ను, ఈ రెండూ రెండు హెచ్ఎఫ్ ఆవులకు చాలవు.

చట్టం కూడా మనవైపే ఉంది. 1978 నాటి జంతువుల రవాణా నిబంధనల ప్రకారం లారీలో అయినా ఆరు పశువులకు మించి ఎక్కించకూడదు. కాలు జారకుండా నేల మీద కొబ్బరి పీచు చాపో చెక్కో పరచాలి, వెంట ఒక మనిషి ఉండాలి, వేరే సరుకు ఎక్కించకూడదు, వీలైనంతవరకు పశువు ముఖం ఇంజను వైపు ఉండాలి. తర్వాత మోటారు వాహనాల నిబంధనల్లో ఒక్కో ఆవుకు, గేదెకు రెండు చదరపు మీటర్ల చోటు ఉండాలని కూడా చేర్చారు. మీ ట్రాలీ పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు అనుకుంటే అయిదున్నర చదరపు మీటర్లు. అంటే రెండే ఆవులు. మూడోదానికి చోటు లేదు. ఈ లెక్క పాటిస్తే టైర్ల మీద బరువు దానంతటదే అదుపులో ఉంటుంది.

నైలాను వేయాలా, రేడియల్ వేయాలా అని అడిగావు. చేను గట్ల మీద, తుమ్మముళ్ల మధ్య, రాళ్ల దారిలో తిరిగే ట్రాలీకి నైలాను టైరు పక్కగోడ గట్టిగా నిలుస్తుంది. తారు రోడ్డు మీద దూరాలు తిరిగే పికప్పుకు రేడియల్ మేలు, అది తొందరగా వేడెక్కదు. మీది చేనుకూ సంతకూ తిరిగే ట్రాలీ కాబట్టి నేనైతే నైలానే అంటాను. ఏది వేసినా ఒక ఇరుసు మీద రెండూ ఒకే రకం, ఒకే సైజు ఉండాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది వేస్తే ట్రాలీ ఒక పక్కకు ఒరిగి, బరువు సమంగా పడదు. కొత్త టైరులో పాత ట్యూబు పెట్టనివ్వకు. సాగిపోయిన ట్యూబు లోపల మడత పడి, ఆ మడత దగ్గరే తెగుతుంది. ట్యూబుకూ రిమ్ముకూ మధ్య పెట్టే ఫ్లాపు కూడా కొత్తదే వేయించు. ఈ రెంటి ఖర్చూ టైరు ధర ముందు ఏ మూలకూ రాదు.

రీబటన్ టైర్ల సంగతి పొడుగ్గా చెప్పను. ఎరువు తోలడానికి, ఇటుకలకు వేసుకోండి. ఆవులకు మాత్రం వద్దు. ముదిరిన పక్కగోడకు కొత్త బటన్లు అతికిస్తే వయసు తగ్గదు కదా.

అన్నట్టు, గాలి టైరును జనానికి అలవాటు చేసినవాడు ఒక పశువుల డాక్టరని నీకు తెలుసా? జాన్ బాయ్‌డ్ డన్లప్ అని స్కాట్లాండ్ మనిషి, బెల్‌ఫాస్టులో పశువులకు, గుర్రాలకు వైద్యం చేసేవాడు. కొడుకు మూడు చక్రాల సైకిలు గట్టి చక్రాల మీద కుదుపులు తింటుంటే చూడలేక, గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టి ఇచ్చాడు. ఆ తర్వాత అది ప్రపంచమంతా తిరిగి మన ఎడ్లబండి దాకా వచ్చింది. ఇనుప పట్టా వేసిన చెక్క చక్రాలు పోయి, టైరు బండి వచ్చాక ఎద్దుల మెడ మీద భారం ఎంత తగ్గిందో మన నాయనల తరం వాళ్లు కథలు కథలుగా చెప్పేవాళ్లు. ఇప్పుడు టైర్లు మన ఉమ్మడి చిత్తూరు జిల్లా నేల మీదే తయారవుతున్నాయి, శ్రీసిటీ దగ్గర చినపాండూరులో అపోలో ఫ్యాక్టరీ 2020లో మొదలైంది. పశువు నొప్పి తెలిసిన మనిషి చేతి మీదుగా మనకు అందిన వస్తువు పశువు ప్రాణం తీయకుండా చూసుకోవలసింది మనమే.

సరే, టైర్లు కొన్నావు. బిగించడం అంగట్లోనే చేయించు, ఇంటి ముందర వద్దు. ముఖ్యంగా మీ ట్రాలీకి లాక్ రింగు రిమ్ములున్నాయేమో చూడు. రిమ్ముకు ఒక పక్క ఇనుప రింగు వేసి టైరును పట్టి ఉంచే రకం అది. గాలి పట్టేటప్పుడు ఆ రింగు సరిగ్గా కూర్చోకపోతే విసురుగా ఎగురుతుంది. మనిషి ప్రాణం పోయేంత దెబ్బ. మంచి అంగట్లో చక్రాన్ని ఇనుప పంజరంలో పెట్టి, పొడవాటి గొట్టంతో, పక్కన నిలబడి గాలి పడతారు. పంజరం లేని చోట ఆ పని చేయించకు, పిల్లలను చుట్టుపక్కల ఉండనివ్వకు. విప్పేటప్పుడు కూడా ముందు గాలంతా తీసేయాలి, ఆ తర్వాతే రింగు జోలికి పోవాలి.

టైరు తీసినప్పుడే రిమ్మును బాగా చూడమను. ఆవు మూత్రం, పేడ నీళ్లు నేల సందుల్లోంచి కారి రిమ్ములను, నట్లను, కమాను పట్టీలను తినేస్తాయి. తుప్పు పొరలు లేచిన రిమ్ముకు ఎంత మంచి టైరు వేసినా గాలి నిలవదు. ఆవును దించిన రోజే ట్రాలీ లోపల, కింద నీళ్లు కొట్టి కడిగేయండి. మన దొడ్డిలో ఎట్లాగూ రోజూ కడుగుతాం కదా, అదే చేత్తో. చక్రం ఊడదీసినప్పుడే బేరింగులకు గ్రీజు కూడా పట్టించు. బేరింగు పట్టేసి వేడెక్కితే కొత్త టైరును అదే పాడు చేస్తుంది.

ఇప్పుడు అసలు భయం చెబుతా. ట్రాలీ టైరులో గాలి పోతే ట్రాక్టరు మీదున్నవాడికి తెలియదు. ఇంజను మోతలో, ఆ కుదుపులో ఏమీ తేడా అనిపించదు. రిమ్ము రోడ్డును గీరుకుంటూ పోయి, టైరు పీలికలై, ట్రాలీ ఒక పక్కకు ఒరిగి, ఆవు మోకాళ్ల మీద పడ్డాక గాని వెనక్కి తిరిగి చూడడు. అందుకే ఆవు వెంట ఒక మనిషి ఉండాలన్న నిబంధన ఊరికే పెట్టింది కాదు. ఆ మనిషి అరిస్తే బండి ఆగుతుంది. నువ్వే పో. మధ్యలో టీకి ఆగినప్పుడల్లా దిగి ఒక్కో చక్రం మీద చెయ్యి పెట్టి చూడు. మిగతావాటికన్నా ఒకటి బాగా వేడిగా ఉందంటే దానిలో గాలి తక్కువైనా ఉండాలి, బేరింగైనా పట్టుకొని ఉండాలి.

దారిలో టైరు పోయిందే అనుకో. ముందు బండిని ఆగిన చోటే వదిలేయొద్దు. టైరు పోతే పోనీ, నెమ్మదిగా రోడ్డు దిగి, గట్టి నేల, చదును చోటు దొరికేదాకా పోనివ్వమను. వాలు మీద, మెత్తటి దుక్కి మట్టి మీద జాకీ నిలవదు. ట్రాక్టరు నుంచి ట్రాలీని విడదీయొద్దు. ఒక్క ఇరుసు ట్రాలీ అయితే ముందు భాగం దభీమని కిందికి వాలి ఆవులన్నీ ముందుకు పడతాయి. ట్రాక్టరును గేరులో పెట్టి బ్రేకు బిగించి, మంచిగా ఉన్న చక్రానికి ముందూ వెనకా పెద్ద రాళ్లు పెట్టాలి.

ఆవులను దించాలా వద్దా? హైవే పక్కన అయితే దించొద్దు. బెదిరిన ఆవు తాడు తెంపుకొని లారీల మధ్యకు పరుగెత్తితే దాన్ని ఎవరూ ఆపలేరు. కానీ ఆవులు లోపల కదులుతుండగా జాకీ ఎత్తడం కూడా ప్రమాదమే. అందుకని ఇటువంటి సమయంలో పక్క ఊళ్లోకో, ముళ్లకంచె ఉన్న తోటలోకో, ఎవరి దొడ్లోకో మెల్లగా పోయి అక్కడ దించడం మేలు. మన పల్లెల్లో ‘ఆవు బండి టైరు పోయింది, కాసేపు కట్టేసుకుంటాం’ అంటే కాదనేవాళ్లు ఉండరు. అక్కడికి పోయే దారే లేకపోతే ఆవుల తలలు దగ్గరగా కట్టి, ముందర గడ్డి వేసి, నువ్వు వాటి దగ్గర నిలబడి మాట్లాడుతూ ఉండు. నీ గొంతు వింటే అవి కుదుటపడతాయి. చక్రం పని ఇంకొకరు చూస్తారు.

నట్లను చక్రం నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేయాలి, గాలిలోకి లేచాక వదులు చేయబోతే బండంతా ఊగుతుంది. జాకీని ఇరుసు కింద, పోయిన చక్రానికి దగ్గరగా పెట్టాలి. దాని కింద మందపాటి పలక వేయాలి. బరువుతో ఉన్న ట్రాలీని ఎత్తే శక్తి ఉన్న జాకీయేనా అని ఇంట్లో బయల్దేరినప్పుడే చూసుకోవాలి. కారు జాకీ తెచ్చి దీనికింద పెట్టకూడదు. చక్రం ఊడదీశాక దాన్ని ట్రాలీ కిందికి తోసి పెట్టండి, జాకీ జారినా బండి దాని మీద నిలుస్తుంది. ఎవరూ కింద దూరకూడదు, చెయ్యి కూడా పెట్టకూడదు. స్టెప్నీ ఎక్కించాక నట్లను చుట్టూ వరసగా కాకుండా, ఒకటి బిగించి దానికి ఎదురుగా ఉన్నది బిగిస్తూ పోవాలి. అప్పుడే చక్రం సమంగా కూర్చుంటుంది. కిందికి దించాక చివరి బిగింపు. ఆ తర్వాత యాభై కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి బిగించాలి, కొత్తగా బిగించిన నట్లు కాస్త సడలుతాయి. అంగట్లో కొత్త టైర్లు వేయించినా ఇదే నియమం. మన వాయల్పాడు నుంచి పుంగనూరు చేరేసరికి ఆ దూరం వచ్చేస్తుంది. అక్కడ ఆగి స్పానరు పెట్టి చూసుకోండి, ఆవుకు నీళ్లు కూడా పెట్టండి.

స్టెప్నీ అన్నాను కదా, అది కూడా ముదురుతుంది. వాడకపోయినా ముదురుతుంది. చాలామంది స్టెప్నీలో గాలి ఉందో లేదో చూసేది టైరు పోయిన తర్వాతే. నెలకోసారి ట్రాలీ చక్రాలతో పాటు దానికీ గాలి చూపించు. పొద్దున్నే, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ఎన్ని పౌండ్లు పట్టాలో టైరు కంపెనీ చెప్పిన లెక్కే నమ్ము, చేత్తో కొట్టి ‘టక్కుమంటోంది, చాల్లే’ అనే లెక్క వద్దు. మన ఎండాకాలంలో దారి మధ్యలో టైరు వేడెక్కి పౌండ్లు పెరిగి చూపిస్తే గాలి తీయకూడదు. చల్లారాక అది తక్కువైపోతుంది, తక్కువ గాలితో తిరిగే టైరు పక్కగోడ వంగి వంగి ఇంకా వేడెక్కి అక్కడే పగులుతుంది. భాకరాపేట ఘాటు వైపు, మొగిలి ఘాటు వైపు దిగే వాళ్లయితే బ్రేకుల వేడి కూడా తోడవుతుందని గుర్తుంచుకోవాలి.

ఆవులు లేని రోజుల్లో ట్రాలీని నీడలో నిలబెట్టు. అవకాశం ఉంటే ఇరుసు కింద దిమ్మెలు పెట్టి చక్రాల మీద బరువు తీసేయండి. అది కుదరకపోతే వారానికోసారి నాలుగడుగులు ముందుకు జరపమను, ఒకే చోట నొక్కుకుపోకుండా ఉంటుంది. పాత గోనెపట్టాలు కప్పినా ఎండ కొంత తగ్గుతుంది.

బిల్లు తప్పకుండా తీసుకో, దాని మీద టైరు నెంబరు రాయించు. కంపెనీ గ్యారంటీ అడగాలంటే ఆ కాగితమే ఆధారం. దాన్ని ఆవు ఇన్సూరెన్సు కాగితాలున్న సంచిలోనే పెట్టు, అప్పుడు వెతుక్కోవలసిన పని ఉండదు.

తీసేసిన పాత టైర్లను మారు బేరానికి ఇచ్చేయమంటారు అంగట్లో. నా మాట విని ఇవ్వకు. అవి మళ్లీ ఎవరి ట్రాలీకో ఎక్కి, ఇంకో ఆడబిడ్డ ఆవును పడేస్తాయి. పక్కగోడకు కత్తితో పెద్ద గాటు పెట్టించి, ఇంక రోడ్డు ఎక్కకుండా చెయ్యి. అడ్డంగా కోయించుకుంటే దొడ్లో దాణా తొట్టికి బాగా పనికొస్తుంది. కింద రంధ్రాలు పెట్టు, వాన నీళ్లు నిలిచాయంటే డెంగీ దోమలు అందులోనే పుడతాయి. మిగిలినదాన్ని భోగి మంటలో మాత్రం వేయనివ్వకు, పిల్లలు ఎంత అడిగినా సరే. ఆ నల్ల పొగ ఇంట్లో చంటిబిడ్డకూ మంచిది కాదు, కొట్టంలో కొత్త ఆవుకూ మంచిది కాదు.